ఉమ్మగిల్లడం

మర్రిగూడ దాటినంక, రోడ్డు పని ఆగిన చోట
తారు డబ్బాలు పదకొండు.
కొలతల పుస్తకంలో అంతే రాశాను.
చలికి అవి ఎట్లా బిగుసుకున్నాయో
రాయడానికి గడి లేదు.

గొడ్డలితో రేకు చీల్చి
నల్లటి గడ్డను బాయిలర్‌లోకి దొర్లిస్తూ
కుర్మయ్య అన్నాడు:
"సారూ, గిదే భూమిల ఉంటది. గింతే మొండిది.
తోడితే రాదు.
తవ్వుదామంటే తాడిచెట్ల మీద తాడిచెట్లు నిలబెట్టినంత లోతు."

తొమ్మిదేండ్లు మస్కట్ ఎడారిలో
ఆవిరి గొట్టాలకు గాజుదూది చుట్టిన చేతులు,
ఇంకా దురద పెడతాయట, వానాకాలం.
ఆ చేతులతోనే కంకర పొడి మీద
పుల్లతో రెండు గీతలు గీశాడు,
ఒకదాని కింద ఒకటి.
"మీది గొట్టంల ఆవిరి.
రాయి కాగుతది, ఇసుక కాగుతది,
గడ్డ కరిగి చెమట లెక్క కిందికి జారుతది.
కింది గొట్టం నోరు తెరుచుకొని పండుకుంటది."

"ఒక్కటే బోరుంటే?" ఈదమ్మ అడిగింది,
కంకర తట్ట దించకుండానే.

"ఒక్కటుంటే గూడ అయితదక్కా.
నెల రోజులు ఆవిరి తాపి, మూత బిగిస్తరు.
ఇగ ఏం చెయ్యరు. ఊకుంటరు.
ఇంజనీర్లు పేకాట ఆడుకుంటరు.
గటక దించి మూత పెడ్తవు గద,
ఉమ్మగిల్లాలె. గంతే.
తర్వాత అదే నోట్ల నుంచి నూనె.
ఇంకో దేశంల భూమిలనే నిప్పు ముట్టిస్తరంట,
నేను చూడలే, చూసినోడు చెప్పిండు."

ఈదమ్మ కుడిచేతి మీద
మోచేతి నుంచి మణికట్టు దాకా మెరిసే చర్మం.
మూడేండ్ల కింద డిండి రోడ్డు మీద
మూత మరిచిన డబ్బాలో రాత్రి వాన చెంబెడు.
ఎవరూ చూడలేదు. పొద్దున బాయిలర్‌లో పోశారు.
నల్లగా లేచి వచ్చింది.

"మాకాడ చుక్క పడితేనే మీద పడ్డది.
ఆడ నీళ్లే పంపితే పొంగదా?"

కుర్మయ్య మంట వైపు చూస్తూ ఉండిపోయాడు.
"పొంగుతది. నేల పొంగుతది.
మేకులు పాతి కొలుస్తరు, ఏడాదికి వేలెడు.
మా మంచాలు ఒక దిక్కు లేచినయని
సౌదిరెడ్డి అనేటోడు, అందరం నవ్వేటోళ్లం.
నవ్వినంక ఎవ్వడూ నిద్రపోకపోయేది."

"ఎన్ని నీళ్లు?"

"కుండెడు నూనెకు మూడు కుండలు. ఒక్కోసారి నాలుగు."

ఆమె తట్ట దించింది.
వాళ్ల చేన్లో నాలుగో బోరు
ఎనిమిదొందల యాభై అడుగులకు తెల్లదుమ్ము కక్కింది,
మిషన్ వాళ్లు కేసింగ్ డబ్బులు ముందే తీసుకున్నారు.
ఊళ్లో పాత బోరుంది, నీళ్లిస్తుంది.
ఆ నీళ్లకే వాళ్లక్క పళ్లు ఇటుక రంగు తేలాయి,
మోకాళ్లు లోపలికి తిరిగాయి,
గడప దాటాలంటే ఇప్పుడు ఇద్దరు పట్టాలి.

"తాగే నీళ్లేనా?"

"కాదక్కా, ఉప్పు నీళ్లు. కడుగుతరు.
ఉప్పు తీస్తరు, సున్నం తీస్తరు, మన్ను తీస్తరు,
గొట్టం ఖరాబు కావద్దని.
అద్దం లెక్క చేసినంకనే కాగబెడతరు."

"కడుగుతరా" అంది ఈదమ్మ.
కాసేపయ్యాక మళ్లీ,
"గొట్టం ఖరాబు కావద్దని నీళ్లను కడుగుతరా."

ఎవరూ మాట్లాడలేదు.
థర్మామీటర్ నూట అరవై చూపింది.
నేను చెయ్యి ఊపాను, తారు పారింది,
దాని మీద కంకర, కంకర మీద రోలర్.
మధ్యాహ్నం అన్నం తింటున్నప్పుడు కూడా
ఆమె ఆ రెండు గీతల పక్కనే కూర్చుంది, తుడపలేదు.

రాత్రి మబ్బు పట్టింది.
గుడారంలోంచి చూశాను:
మిగిలిన ఒక్క డబ్బా మీద
రేకు ముక్క కప్పి, దాని మీద రాయి పెట్టి,
రాయి కదులుతుందేమో అని
ఇంకో రాయి వెతుకుతోంది ఈదమ్మ.

పొద్దున పుస్తకంలో రాశాను:
డబ్బా ఒకటి మిగులు.
వాన పడలేదు.